మద్దెల మీద తోలు

మాదిగింటి పిల్ల ఆర్ట్ హిస్టరీ చదువుతానంటే ఊరికీ అర్థం కాదు, వాడకీ అర్థం కాదు. వీళ్ళకి కళ ఏమిటని ఊరు అడుగుతుంది. కడుపు నింపని చదువు ఏంటికని వాడ అడుగుతుంది. వాడ అడిగే ప్రశ్నకి నేను తలవంచి జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ ప్రశ్న ఆకలి నుంచి వచ్చింది. ఊరు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఆ చదువు చదివినాను. ఏ యూనివర్సిటీలో చదవాల, ఎట్ల ఎంచుకోవాల అని 2016లో మా ఇంట్లో నాలుగు నెలలు నడిచిన రచ్చ ఇక్కడ రాస్తాండా. మన పిల్లలకి ఇట్లాంటి విషయాలు చెప్పేవాళ్ళు తక్కువ.

మాది పెనుకొండ పక్కన ఒక పల్లె. అప్పటికి అనంతపురం జిల్లా, 2022లో శ్రీ సత్యసాయి జిల్లా అయింది. మా వాడలో నిలబడితే కోటకొండ కనిపిస్తుంది. 1565 యుద్ధంలో ఓడి హంపి పాడుబడినాక విజయనగర రాజులు ఈ కొండ కిందికే రాజధాని మార్చుకున్నారు. గగన్ మహల్, బురుజులు, జైనుల బసది, గుళ్ళు, బాబయ్య దర్గా. ఎటు తిరిగినా రాతి మీద చరిత్రే. బళ్ళో ఆ చరిత్ర మాకు రాజుల పేర్లుగా, యుద్ధాల ఏండ్లుగా వచ్చింది. ఆ గుర్రాలకి జీను ఎవరు కుట్టినారు, ఆ సిపాయిల కాళ్ళకి చెప్పులు ఎవరిచ్చినారు, బావుల్లో నీళ్ళు తోడిన తోలు బాన ఎవరు చేసినారు? ఈ మాట ఏ పాఠంలోనూ లేదు. పరీక్షలో ఎవరూ అడగలేదు కాబట్టి మాకూ అడగాలని తోచలేదు.

మా తాతకి తోచేది. తాత చేయి మోచేతి దాకా తంగేడు చెక్క రంగులో ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు. ఇంటి వెనక లంద. పచ్చి తోలు తెచ్చి సున్నం నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక ఊడినాక గీకి, కడిగి, తంగేడు చెక్క దంచిన నీళ్ళలో రోజులు రోజులు ఊరబెట్టేవాడు. కడాకు ఆ తోలునే సంచి మాదిరి కుట్టి, దాంట్లో చెక్క నీళ్ళు పోసి కొయ్యకి వేలాడదీసేవాడు. ఎన్ని దినాలకి దించాల అనేది ఏ కాగితం మీదా లేదు. వేలితో నొక్కి చూసి చెప్పేవాడు. కపిల బావులు నడిచిన కాలంలో చుట్టుపక్కల రైతులందరికీ బానలు కుట్టిచ్చినాడు. చుక్క నీరు కారితే రైతు ఒప్పుకోడు. కుట్టు అట్ల ఉండాల. ఆ బానతో పారిన నీళ్ళు ఊరి చెరుకు తోటకి పారినాయి, వరి మడికి పారినాయి. ఆ బావి గట్టు మీదికి మాత్రం మా తాత రాకూడదు.

నాయన కూలికి పోతాడు. జాతరకీ సావుకీ తప్పెట కొడతాడు. తప్పెట మూయడం కూడా ఆయనే. చింతగింజల బంక పూసి తోలు అతికించి, ఎండబెట్టి, మంట దగ్గర సెగ చూపించి, వేలితో తట్టి, ఇంకా పలకలేదని మళ్ళీ సెగ చూపించేవాడు. దేవుడి ఊరేగింపుకి ముందు నాయన తప్పెట, వెనక పల్లకి. గుడి వాకిలి దాకా వచ్చినాక తప్పెట బయట ఆగిపోతుంది, పల్లకి లోపలికి పోతుంది. చిన్నప్పుడు నేను నాయన కాళ్ళ దగ్గర నిలబడి ఇది చాలా తూర్లు చూసినాను. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనాక అదే తప్పెట సభల్లో ముందు నడిచిందని నాయన చెప్తాడు. సావుకి కొట్టిన చేత్తోనే హక్కుకి కొట్టినా, దెబ్బ వేరే అని ఆయన మాట.

మా వాడలో గుడి లేదు. అంబేడ్కర్ బొమ్మ ఉంది. సిమెంటుది, నీలం కోటు, చంకలో పుస్తకం, ముందుకి చాపిన వేలు. ఏప్రిల్ 14 వస్తే మేమే రంగు వేస్తాం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ కోటు అంచుకి రంగు నేనే వేసినాను. బొమ్మ ఎందుకు అట్లనే ఉండాల, కోటు నీలమే ఎందుకు, చేతిలో కత్తి కాకుండా పుస్తకం ఎందుకు అని మా మామతో కొట్లాడినాను. శిల్పాన్ని చూసి ప్రశ్న అడగడం నాకు ఆడ మొదలయింది. దానికొక శాస్త్రముందని, దాన్ని యూనివర్సిటీలో చెప్తారని నాకేం తెలుసు.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ. చేసినాను. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. సంక్షేమ హాస్టల్లో ఉంటి. రెండో ఏడు 2015లో మమ్మల్ని లేపాక్షికి తీసుకుపోయినారు. హిందూపురం పక్కనే, మాకు గంటన్నర దారి. అంత దగ్గరుండీ అప్పటిదాకా నేను చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. గైడు వేలాడే స్తంభం కింద తువ్వాల దూర్చి తీసి చూపించినాడు. ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది, అచ్యుతదేవరాయల కాలంలో గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు, రాజు కోపానికి ముందే విరూపణ్ణ తన కండ్లు తానే పీక్కున్నాడనే కథ. పైకప్పు నిండా బొమ్మలు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు. ఆడవాళ్ళ చీరల మీద ఎన్ని రకాల అంచులో! ఆ అంచులే ధర్మవరం చీరల మీదికి దిగినాయని నేతగాళ్ళు చెప్పుకుంటారు. నాట్యమండపం స్తంభాల మీద రంభ ఆడతా ఉంటుంది, తుంబురుడు పాడతా ఉంటాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తా ఉంటాడు. గైడు అందరి పేర్లూ చెప్పినాడు.

ఇంటికొచ్చి తాతకి చెప్పినాను.

“ఏం సూసినావు పాపా?”

“రాతిలో బ్రహ్మ మద్దెల వాయిస్తాండాడు తాతా.”

తాత బీడీ నేలకేసి ఆర్పినాడు. “ఆ మద్దెలకి తోలు ఎవురు బిగించినారంట?”

“అది చెప్పలేదు తాతా.”

“సెప్పరు. దేవుడు వాయించినా అది గొడ్డు తోలే కదమ్మా. గొడ్డుని దేవుడే కోసుకున్నాడా, దేవుడే ఊరబెట్టుకున్నాడా?” అని నవ్వినాడు.

ఆయన నవ్వి వదిలేసినాడు, నాకు మాత్రం అది పట్టుకుంది. మద్దెల గుడి లోపల, మద్దెల వాయించేవాడు దేవుడు, మద్దెలకి తోలు ఇచ్చినవాడు వాడలో. ఒకే వస్తువుని రెండు ముక్కలు చేసి, నాదం లోపల పెట్టుకుని, తోలు పనిని బయటికి నెట్టినారు. ఈ మాట మా హిస్టరీ సారుతో అంటే, ఆయన కాసేపు ఆలోచించి, “ఇట్లాంటి ప్రశ్నలు అడగడానికి ఒక సబ్జెక్టు ఉందమ్మా, ఆర్ట్ హిస్టరీ అంటారు. కానీ నువ్వు అడిగిన ప్రశ్న వాళ్ళూ ఎక్కువగా అడగరు” అన్నాడు. ఆ రెండో వాక్యం నన్ను అటు నెట్టింది.

ఇంక రచ్చ మొదలు. సారే ముందు అన్నాడు: జూనియర్ లెక్చరర్ పోస్టుకి ఎం.ఏ. హిస్టరీ అడుగుతారు, ఆర్ట్ హిస్టరీ కాదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది. 1981 నుంచీ మా ప్రాంతం పిల్లలకి అదే పెద్ద చదువు. బస్సు ఖర్చుతో పోయి రావచ్చు. బి.ఇడి. చేస్తే డి.ఎస్.సి. రాయొచ్చు. మా మామ బ్యాంకు కోచింగుకి డబ్బు కడతానన్నాడు. ఇవన్నీ నిజమైన దారులే. ఆ దార్లలో పోయి ఇంటిని నిలబెట్టినవాళ్ళు మా వాడలో ఉన్నారు. మా చిన్నాయన కొడుకు 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైనాక ఆడ పనికి కుదిరి, నా కన్నా చాలా ముందే మిద్దె వేసినాడు. నేను ఎంచుకున్న దారికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు నాతో పాటు మా అమ్మా నాయనా కూడా కట్టినారు. ఇది దాచిపెట్టి చదువు గొప్పదని చెప్పడం మోసం.

పెనుకొండలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఒక్కో యూనివర్సిటీ కాగితాలు ప్రింటు తీయించినాను. పేజీకి రెండు రూపాయలు. కాగితాల కట్ట తెచ్చి ట్రంకు పెట్టె మీద పరిచినాను. దేశంలో ఈ చదువు చెప్పే చోట్లు చాలా తక్కువ. నా చేతికి నాలుగు ముఖ్యంగా తగిలినాయి.

ఒకటి బరోడా. 1950లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ. ఆడ బొమ్మ వేసేవాడు, శిల్పం చెక్కేవాడు, వాటి చరిత్ర చదివేవాడు ఒకే ఆవరణలో ఉంటారు. పని చేసే చేతిని దగ్గరగా చూస్తా చదవొచ్చు. రెండు, ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. 1989లో పెట్టినారు. అప్పట్లో అది మ్యూజియం లోపలే ఉండేది. పాఠం విని తలుపు తీస్తే వస్తువు ఎదురుగా. మ్యూజియంలో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకి నేరుగా దారి. మూడు, జె.ఎన్.యూ.లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఏస్థెటిక్స్. 2001లో మొదలైంది. బొమ్మలు, నాటకం, సినిమా మూడూ కలిపి చెప్తారు. ట్యూషన్ ఫీజు ఏడాదికి మూడొందలు కూడా దాటదు. ఆ అంకె చదివి నాయన తప్పు ప్రింటు పడిందనుకున్నాడు. నాలుగు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్. 1988 నాటిది. పెయింటింగ్, శిల్పం, ప్రింట్ మేకింగ్ పక్కనే ఆర్ట్ హిస్టరీ. అదే గొడుగు కింద నాటకం, నాట్యం కూడా ఉన్నాయి.

ఎట్ల తేల్చుకోవాల? ర్యాంకులు చూసి కాదు. నేను ఒక నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసుకున్నాను. సిలబస్‌లో రాజు, గుడి, శైలి తప్ప పనిముట్టు అనే మాట ఎక్కడన్నా ఉందా? ముందు చదివినవాళ్ళు ఏ విషయాల మీద డిసర్టేషన్ రాసినారు? తోలు మీద, నేత మీద, కుండ మీద ఎవరన్నా రాసినారా? తెలుగులో విన్న మాటని ఆధారంగా చూపిస్తే ఒప్పుకుంటారా? నా ఇంగ్లీషు ఆర్నెల్లు తడబడితే ఓర్చుకునే మనిషి ఆడ ఒకరన్నా ఉన్నారా? హాస్టల్ అందరికీ ఇస్తారా? లైబ్రరీ రాత్రి ఎన్నింటి దాకా? మన పిల్లల సంఘం ఉందా? రాత్రి రెండు గంటలకి జ్వరమొస్తే తలుపు కొట్టడానికి ఒక గది ఉందా? ఈ కడాకు రాసిన ప్రశ్న ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. మన పిల్లలకి అదే మొదటి ప్రశ్న.

ఈ నాలుగింటిలో లేని ఇంకొక చోటికి కూడా నేను ఇంటర్వ్యూకి పోయినాను. దాని పేరు చెప్పను. ముగ్గురు కూర్చున్నారు. అందులో ఒకాయన, “మీ ఇంట్లో ఆర్టిస్టులు ఎవరైనా ఉన్నారా?” అన్నాడు. ఉన్నారు సార్ అన్నాను. మా తాత తోలు ఊరబెడతాడు, చెప్పులు కుట్టినాడు, బానలు కుట్టినాడు. మా నాయన తప్పెట మూస్తాడు, వాయిస్తాడు అని చెప్పినాను. ఆయన పక్కాయన వైపు చూసి నవ్వినాడు. “అది వృత్తి కదమ్మా, నేను కళ గురించి అడుగుతున్నా” అన్నాడు. నాకు ఆడ సీటు వచ్చింది. రిజర్వేషన్ సీటు కాబట్టి ఇవ్వక తప్పదు. నేను పోలేదు. వృత్తికీ కళకీ నడుమ గీత ఎవరు గీసినారు అనేదే నేను చదవాలనుకున్న విషయం. ఆ గీతని దేవుడు గీసినట్టు నమ్మేవాళ్ళ దగ్గర రెండేండ్లు కూర్చోలేను.

ఢిల్లీనా, హైదరాబాదా అనే దగ్గరికి వచ్చినాం. 2016లో ఆ రెండు పేర్లూ రోజూ టీవీలో ఉన్నాయి. జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినాడు. హాస్టల్ నుంచి బయటికి పంపిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్లో ఒకడు. క్యాంపస్‌లో షాపుల ముందర డేరా వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టుకుని, ఆ చలిలో పడుకున్నారు. ఫిబ్రవరిలో జె.ఎన్.యూ. విద్యార్థుల మీద రాజద్రోహం కేసులు. మా ఇంట్లో టీవీ చూసిన అమ్మ అన్నం ముందర నుంచి లేసిపోయింది.

“ఆ ఊరు వద్దు, ఈ ఊరు వద్దు. ఇంట్లో ఉండు పాపా. సదువు లేకుంటే కూలికి పోదాం. మనిషి లేకుంటే ఏం సేసుకునేది?”

నాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అమ్మ మాటే ఆయన మాట. నేను వాదించలేదు. ఏమని వాదించేది? అమ్మ భయం ఊరికే వచ్చిందా? ఊళ్ళో వెలివాడని దాటి పిల్లోడు యూనివర్సిటీ దాకా పోతే ఆడ కూడా వెలివాడే వేసుకోవాల్సి వచ్చింది. ఆ మాటని అమ్మ టీవీలో తెలుగులోనే వినింది. ఆ పిల్లోని తల్లి ఏడుపు కూడా చూసింది.

హైదరాబాదు ఎంట్రన్స్ రాసినాను, ఇంటర్వ్యూకి పిలిచినారు. అమ్మ, “నేనూ వస్తా” అనింది. ధర్మవరంలో కాచిగూడ రైలెక్కినాం. అమ్మకి అంత దూరం రైలు ఎక్కడం అదే మొదటిసారి. ఇంటర్వ్యూలో వాళ్ళు ఏం చదవాలనుకుంటున్నావు అని అడిగితే మద్దెల సంగతి చెప్పినాను. ఒకామె ఏదో రాసుకుని, “లేపాక్షి బొమ్మల్లో వాద్యాలన్నీ ఒక జాబితా చేసినావా?” అనింది. లేదన్నాను. “చేస్తే బాగుంటుంది కదా” అనింది. నా ప్రశ్నని ఎవరో పనిగా తీసుకోవడం అదే మొదలు. బయటికి వచ్చినాక అమ్మ, “ఆ పిల్లోని డేరా యాడ ఉండాదో సూపించు” అనింది.

పోయినాం. ఫ్లెక్సీల మీద అంబేడ్కర్, ఫూలే, రోహిత్ బొమ్మలు. అమ్మకి చదువు రాదు. బొమ్మ చూసి బాబాసాహేబుని గుర్తుపట్టింది. పక్కనున్న ఆడమనిషి బొమ్మ చూపించి, “ఈయమ్మ ఎవురు?” అని అడిగింది. ఆడ కూర్చున్న ఒక విద్యార్థిని లేసి వచ్చి సావిత్రీబాయి గురించి అమ్మకి చెప్పింది. ఆమెది మెదక్ వైపు మాట, మా అమ్మది పెనుకొండ మాట. ఇద్దరికీ బాగానే అర్థమయింది. ఆ పాప టీ తెప్పించింది. అమ్మ ఆ బొమ్మల ముందర చాలాసేపు కూర్చుంది. అక్షరం రాని మనిషికి ఆ గోడ చదవడానికి వచ్చింది. బొమ్మ చేసే పని ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు తెలిసినంతగా తర్వాత ఏ పుస్తకమూ చెప్పలేదు.

తిరుగు రైల్లో మహబూబ్‌నగర్ దాటినాక అమ్మ అనింది. “నువ్వు ఈడికే రా. నువ్వు రాకుంటే ఆ పిల్లోల్లలో ఒకరు తక్కువవుతారు. కానీ వారానికి రెండు తూర్లు ఫోన్ సెయ్యాల.”

అట్ల తేలింది. బరోడా చేతిపని దగ్గరుంచేది, ఢిల్లీ వస్తువులు దగ్గరుంచేది. హైదరాబాదు నా మాటకి దగ్గర, నా రాళ్ళకి దగ్గర. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి లేపాక్షి దారిలో ఉంటాను. తలుపు కొట్టడానికి గది ఉంది. అడగనిచ్చే మనిషి ఉంది. ఈ నాలుగు కలిసే చోటు నాకు అదే అయింది. ఇంకొకరికి ఇంకొకటి కావచ్చు.

చదువు గురించి రెండు సంగతులు చెప్తాను. మొదటి సెమిస్టర్లో ఆనంద కుమారస్వామి 1909లో రాసిన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’ చదివినాను. ఇంగ్లీషువాళ్ళు మన చేతిపనిని చిన్నచూపు చూసిన కాలంలో దాని గొప్ప చెప్పిన పెద్దమనిషి. కాదనను. కానీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే కులవృత్తి ఆయనకి అందమైన ఏర్పాటుగా కనిపించింది. మా తాతకి అది ఏర్పాటు కాదు, కట్టుగొయ్య. ఆ పని వద్దంటే ఇంకో పని ఇచ్చేవాళ్ళు లేరు, ఆ పని చేస్తే ముట్టుకునేవాళ్ళు లేరు. కులం మనుషుల్నే మెట్లు మెట్లుగా పేర్చిందని, దాన్ని పని పంచుకోవడం అనడం తప్పని అంబేడ్కర్ 1936లోనే తేల్చి రాసినాడు. ఆయన ఆ వ్యాసాన్ని ఆర్ట్ హిస్టరీ రీడింగ్ లిస్టులో ఎవరూ పెట్టరు. నేను నా మొదటి పేపర్‌లో రెండిటినీ పక్కపక్కన పెట్టి రాసినాను. క్లాసులో గంటసేపు వాదన జరిగింది. సగం మంది కుమారస్వామి వైపు. పరవాలేదు, వాదన జరిగింది కదా.

రెండో సంగతి లైబ్రరీలో దొరికింది. లూడర్స్ అనే జర్మన్ పండితుడు 1912లో బ్రాహ్మీ శాసనాల జాబితా అచ్చు వేసినాడు. అమరావతి స్తూపానికి ఎవరెవరు ఏ రాయి ఇచ్చినారో దాంట్లో ఉంది. వ్యాపారులు, భిక్షుణులు, గృహస్థులు. వాళ్ళ మధ్యలో ఒక పేరు. విధికుడు. చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. నాగుడు అనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుర్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి ఇచ్చినాడు.

నేను ఆ పుట మూసి మళ్ళీ తెరిచినాను. రమారమి రెండు వేల ఏండ్ల కిందట మన కృష్ణ ఒడ్డున తోలుపని చేసే మనిషి తన పని పేరు చెప్పుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని, పూజించే చోట రాయి నిలబెట్టినాడు. అతని నాయన గురువు. అతను వాకిలి బయట ఆగిపోలేదు. విధికుడిని మాదిగ అని నేను పిలవను. నేటి కులం పేరుని అప్పటి మనిషికి తగిలిస్తే అది చరిత్ర కాదు. కానీ తోలు ముట్టిన చేయి ఎప్పుడూ అంటరానిదే, అది లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్న ధర్మం అని చెప్పేవాళ్ళకి ఆ రాయి జవాబు. అంటరానితనానికి ఒక మొదలు ఉంది. మొదలున్నదానికి తుది కూడా ఉంటుంది. నాకు ఆర్ట్ హిస్టరీ ఇచ్చినది ఇదీ.

ఫోన్ చేసి తాతకి చెప్పినాను. వినడానికి టైము పట్టింది. “వాళ్ళ నాయన అయివారా?” అని రెండు తూర్లు అడిగినాడు. మరునాడు వాడంతా తిరిగి చెప్పుకున్నాడంట. ఏడాదికి పోయినాడు.

మనకి ముందు ఈ దారిలో నడిచినవాళ్ళు ఉన్నారు. మెడకి ముంత కట్టుకున్న అంటరానివాళ్ళనీ, దేవదాసీలనీ బొమ్మల్లోకి తెచ్చిన సవి సావర్కర్ ఉన్నాడు. దళిత కళ మీద గ్యారీ టార్టకోవ్ సంపాదకత్వంలో 2012లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒక పుస్తకం వేసినారు. మన వాడల్లోని అంబేడ్కర్ బొమ్మలు కూడా చదవాల్సిన కళే అని ఆ అమెరికా ప్రొఫెసర్ ఎన్నో ఏండ్లు రాస్తా వచ్చినాడు. మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం రాసినాడు. మా తాత అడిగిన ప్రశ్నే అది. సంతోషమే. అయితే చూడండి, మన ప్రశ్న కూడా ముందు వేరేవాళ్ళ చేతి మీదుగా అచ్చుకి పోయింది. అది వాళ్ళ తప్పు అనను. ఆ కుర్చీల్లో మనవాళ్ళు లేకపోవడం తప్పు.

కుర్చీ దాకా పోయే దారిని ఎట్ల మూస్తారో కూడా తెలుసుకోండి. విదేశాల్లో చదువుకునే దళిత విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. 2022లో దాని నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక విషయాల మీద చదువుకి ఆ డబ్బు ఇవ్వమని రాసినారు. ఇక్కడి విషయాలు ఇక్కడే చదవొచ్చు కదా అని వాళ్ళ వాదన. అమరావతి రాళ్ళు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. విధికుడి స్తూపం మీద లండన్‌లో కూర్చుని పరిశోధన చేస్తానని మన పిల్ల అడిగితే ఆ స్కాలర్‌షిప్ వద్దంటుంది. డబ్బున్నవాళ్ళ పిల్లలు సొంత ఖర్చుతో పోయి అదే చదువు చదువుతారు. ఇంజనీరింగు చదువు, మేనేజ్‌మెంటు చదువు, చరిత్ర మాత్రం ముట్టుకోవద్దు. వాకిలి దగ్గర తప్పెట ఆపినట్టే ఇది కూడా.

ఈ ఏడాది దరఖాస్తు పెట్టే పిల్లలకి చెప్తాండా. జె.ఎన్.యూ.లో, హైదరాబాదులో పి.జి. చదువులకి ఇప్పుడు సి.యు.ఇ.టి. రాయాల. నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ పేరు మారి నోయిడాకి పోయింది. ముందుకి పోయి నెట్ రాయాలంటే ఆర్ట్ హిస్టరీ విజువల్ ఆర్ట్ సబ్జెక్టు కింద ఉంటుంది. పిహెచ్.డి.కి ఎస్సీ ఫెలోషిప్ 2005-06 నుంచీ ఉంది, కట్ ఆఫ్ ముందే చూసుకోండి. జూనియర్ లెక్చరర్ కావాలనుకుంటే ఎం.ఏ. హిస్టరీనే చేయండి, దానిలో చిన్నతనం లేదు. బొమ్మలు అప్పుడు కూడా చదవొచ్చు. ఇది ఎంచుకుంటే మాత్రం పోయే ముందు ఆడ చదివే మన పిల్లలతో ఒక పూట కూర్చుని మాట్లాడండి. సిలబస్ తర్వాత చూడండి. ఇంట్లో ముసలివాళ్ళు చేసిన పనులు, వాడిన పనిముట్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకుని పెట్టెలో పెట్టుకోండి. లంద, ఆరె, బాన, వారు. ఆ మాటలు ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనూ దొరకవు. ఆ ముసలివాళ్ళు ఎక్కువ కాలం ఉండరు.